నాణెముల నెరిగిన ఎలియట్ దొర

1786వ సంవత్సరమున నెల్లూరు సమీపమున ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలికఱ్ఱు పాడుపడిన చిన్న గుడి శిథిలములకు తగిలెను. త్రవ్వి చూడగా ఒక కుండ బయల్పడెను. కుండలో నున్నవి బంగారు నాణెములు. అవి మన రాజులవి కావు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున రోము నగరమున రాజ్యమేలిన చక్రవర్తులవి. రైతుకు ఆ సంగతి తెలియుటకు మార్గమేది? పాత బంగారము క్రింద తూకమునకు అమ్మెను. పెక్కు నాణెములు కంసాలి మూసలో కరగిపోయెను. మిగిలిన ముప్పది చిల్లర నాణెములను మద్రాసు గవర్నరుగా పనిచేసిన డేవిడ్సన్ చూచి, ట్రాజను చక్రవర్తి నాణెములు నిన్ననే టంకసాలనుండి వెలువడినట్లు మెరయుచున్నవని వ్రాసియుంచెను.

నల్లమల క్రింది మన పల్లెలలోను, బండి ఆత్మకూరు మొదలుకొని కుందూనది గట్లవరకు, పునాది త్రవ్వునప్పుడో దుక్కి దున్నునప్పుడో పాతకాసు దొరికినచో ప్రజలు మొదట అడుగునది దాని వెల. రెండవది దాని వయస్సు. అది నిజమైనదా అను ప్రశ్న ఎవరికో గాని తోచదు. తోచినను నెల్లూరి నాణెములవలె మెరయుచుండిన దొంగదనియు, నల్లబడియుండిన పాతదనియు తీర్పు చెప్పి ఊరకుందురు. ఆ తీర్పు ఎంత తప్పో నెల్లూరి కుండయే చెప్పుచున్నది. బంగారమునకు త్రుప్పులేదు, పదునేడు వందల యేండ్లు మట్టిలో నుండినను దాని ముఖము వాడదు. నిజమైనది మూసకు పోవుటయు, దొంగది అద్దాల బీరువాకు చేరుటయు, రెండును ఒకే అజ్ఞానమునుండి పుట్టినవి. ఈ అజ్ఞానమును పోగొట్టుటకు దక్షిణదేశమున మొదట నడుము కట్టిన కొలదిమందిలో సర్ వాల్టర్ ఎలియట్ ముఖ్యుడు.

ఎలియట్ 1803వ సంవత్సరము జనవరి 16వ తేదీన స్కాట్లండు దేశమున ఎడింబరోలో జన్మించెను. వంశమువారి ఎస్టేటు రాక్స్‌బరో మండలమందలి వుల్ఫ్‌లీ. కంపెనీ ఉద్యోగులను తీర్చు హైలీబరీ కళాశాలలో చదివి, 1821లో మద్రాసు సివిలు సర్వీసున ప్రవేశించెను. కొంతకాలము సేలములో పనిచేసిన పిమ్మట దక్షిణ మహారాష్ట్ర ప్రాంతమైన ధారవాడకు పంపబడెను. అచ్చటనే 1824లో కిత్తూరు సంస్థానము విషయమై కంపెనీవారికిని రాణీ చెన్నమ్మకును యుద్ధము జరిగినది. ఆ పోరున కలెక్టరు థాకరే మరణించెను. ఇరువదియొక్క యేండ్ల ఎలియటును, స్టీవెన్సన్ అను మరియొక ఉద్యోగియు చెన్నమ్మగారి కోటలో ఖైదీలై కొన్ని వారములు గడపిరి. ప్రాణములతో విడువబడిన ఆ యువకుడు సుమారు పదేండ్లు ఆ ప్రాంతముననే నిలిచి, గుళ్లయందలి శాసనములను చదివించి నకళ్లు వ్రాయింపసాగెను. అట్లు సేకరించిన శాసనములు 595. వానిపై వ్యాసము 1837లో లండను పత్రికలో ప్రకటింపబడినది. చాళుక్యుల చరిత్రకు ఆ వ్యాసమే తొలి త్రోవ.

శాసనములు పట్టిన చేయి నాణెములను పట్టుటకు కారణము కచ్చేరీయే యనవచ్చును. 1835లో దేశమంతటికి ఒకే రూపాయ ఏర్పడువరకు సర్కారు ఖజానాకు శిస్తు పలురకముల నాణెములలో వచ్చెడిది. వరహాలు, హొన్నులు, పణములు, రూపాయలు, దుడ్లు. వానిలో మరల ఈ రాజువి ఆ రాజువి, పాతవి క్రొత్తవి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క వట్టము. ఇన్నింటిని వేరుచేసి, మంచిదానిని పెట్టెలో వేసి చెడ్డదానిని రైతు చేతికి తిరిగి ఇచ్చువాడు ప్రతి కచ్చేరీలోను ఒకడుండెడివాడు. ఉర్దూ కలిసిన కచ్చేరీ భాషలో వానిని షరాబు అనిరి. మన తెలుగులో అంతకుముందే వానికి చక్కని పేరున్నది: నోటగాడు. నోటమనగా నాణెమును పరీక్షించుట. ఇప్పుడా మాట నిఘంటువులలో దాగియున్నది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున వీనినే రూపదర్శకుడనెను; దొంగ నాణెమును కూటరూపమనెను. కూటలేఖ్యము, కూటసాక్ష్యము, కూటరూపము: మూడును ఒక్క తల్లి బిడ్డలు.

నోటగాని విద్య ఎట్టిదో అయిదవ శతాబ్దమువాడైన బుద్ధఘోషుడు తన విశుద్ధిమార్గమున ఒక ఉపమానముగా చెప్పెను. బల్లమీద నాణెముల కుప్ప యున్నది. దానిని ఒక పసిబాలుడు, ఒక గ్రామీణుడు, ఒక నాణెముల పరీక్షకుడు చూచిరి. బాలునికి కనుపించునవి రంగు, ఆకారము, బొమ్మలు మాత్రమే. గ్రామీణునకు అవియు కనుపించును, వానితో సరకులు కొనవచ్చునన్న సంగతియు తెలియును. కాని ఇది మంచిది, ఇది దొంగది, ఇది సగము విలువది అను భేదము తెలియదు. పరీక్షకునకు అన్నియు తెలియును. చూచియు, మ్రోగించి వినియు, వాసన చూచియు, రుచి చూచియు, చేత తూచియు అతడు తెలిసికొనును. ఏ ఊరిలో, ఏ నదియొడ్డున, ఏ పనివాడు చేసెనో కూడ చెప్పగలడు. ఆ మహానుభావుడు చెప్పదలచినది నాణెములను గూర్చి కాదు, జ్ఞానములోని మెట్లను గూర్చి. అయినను నాణెముల పరీక్షకు ఇంతకంటె చక్కని పాఠము మరియొకటి లేదు. పంచేంద్రియములలో నాలుగింటికి చూపుతో పనిలేదన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఎలియట్ జీవితపు చివరి భాగమున ఈ మాట మరల వచ్చును.

ఎలియట్ 1837 మొదలు మద్రాసు గవర్నరైన ఎల్‌ఫిన్‌స్టన్ ప్రభువునకు ఆంతరంగిక కార్యదర్శిగా నుండెను. 1839లో మాల్టా ద్వీపమున వివాహము చేసికొనెను. తెలుగుదేశముతో ఆయన బంధము 1845లో మొదలయినది. నందన సంవత్సరపు కరవు, అనగా 1832-33 నాటిది, గుంటూరు మండలమును నేలమట్టము చేసినది. ఆ తరువాత పన్నెండేండ్లయినను శిస్తు కోలుకొనలేదు. కారణము విచారించుటకు ఎలియట్ వచ్చెను. 1846లో ఆయన సమర్పించిన నివేదిక కరవు కథతో నిలువక, జమీందారీల అప్పులను, లెక్కలలోని మోసములను బయటపెట్టినది. గ్రామపు లెక్కకును కచ్చేరీ లెక్కకును మధ్య ఎంత దూరముండవచ్చునో లెక్కలు వ్రాసిన కుటుంబములవారికి చెప్పనక్కరలేదు. తరువాత 1854 వరకు ఆయన ఉత్తర సర్కారులకు కమిషనరు. పిమ్మట 1860లో ఉద్యోగము విరమించువరకు మద్రాసు గవర్నరు సలహాసభలో సభ్యుడు.

1845లోనే ఆయన అమరావతి దీపాలదిన్నెను త్రవ్వించి శిల్పములను మద్రాసునకు చేర్చెను. అవి చాలకాలము ఎండలో వానలో పడియుండెను. 1859లో లండనుకు తరలింపబడి, అచ్చటను కొన్నేండ్లు ఒక బండ్ల కొట్టములో పడియుండి, పిదప బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. ఎలియట్ శిల్పములని వానికి పేరు నిలిచినది. వానిని ఇచ్చటనే యుంచవలసినదని నేటివారు తలచుట న్యాయమే. సున్నపు బట్టీలకు పోవుచున్న రాళ్లను ఆపినవాడు ఆయనయే యనుటయు అంతే న్యాయము.

కృష్ణా గుంటూరు ప్రాంతములందు వానలు వెలిసిన తరువాత పాడుదిబ్బలమీద సీసపు బిళ్లలు తేలెడివి. పశువుల కాపరులు ఏరి ఆడుకొనెడివారు. శాతవాహనుల కాలపు నాణెములని అప్పటికి ఎవరును నమ్మకముగా చెప్పజాలరు. ఎలియట్ వానిని సేకరించి, మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో 1857-58 ప్రాంతమున నాణెములపై వ్యాసములు ప్రకటించెను. బంగారము లేని నాణెమును ఎవడు దాచును? ఎవడును దాచడు గనుకనే ఆ కాలమున సీసపు కాసులకు కూటరూపములు పుట్టలేదు. వెల కట్టువాడు వచ్చినప్పుడే దొంగ పుట్టును. నేడు సీసపు నాణెములకు కూడ వెల యున్నది. సీసము మెత్తనిది, తక్కువ వేడికే కరగునది, కావున వానిని పోతపోయుట కష్టము కాదు. శతాబ్దములు మట్టిలో నున్న సీసమునకు తెల్లని గట్టిపొర సహజముగా ఏర్పడును. క్రొత్త పోతకు పూసిన సున్నపు తెలుపు గోటికి రాలును.

పోతకును అచ్చుకును భేదమును ముందు తెలిసికొనవలెను. పూర్వపు నాణెములలో ఎక్కువ భాగము దాకలిమీద బిళ్లనుంచి సుత్తెదెబ్బతో అచ్చువేసినవి. దెబ్బకు లోహము అణగి, అక్షరముల అంచులు వాడిగా నిలుచును. ఒరిజినలును మట్టిలో నొత్తి అచ్చుతీసి కరిగిన లోహము పోసినచో, అంచులు మొద్దుబారును. గాలిబుడగల గుంటలు సూదిమొనలంతవి కనుపించును. రెండు అచ్చుముక్కలు కలిసిన చోట నాణెపు చుట్టు గీత మిగులును. ఆ గీతను ఆకురాయితో రాచిన గుర్తు మరల మిగులును. లోహము చల్లారినప్పుడు కుంచించుకొనును గనుక పోత నాణెము నిజమైనదానికంటె రవంత చిన్నదగును.

కదంబుల పద్మటంకములను ఎలియట్ తన గ్రంథమున వివరించెను. బంగారు బిళ్ల నడుమ పద్మమును, చుట్టును ఇతర గుర్తులను వేర్వేరు ముద్రికలతో కొట్టుటచే ఆ టంకము గిన్నెవలె లోపలికి వంగియుండును. ఒక్కొక్క ముద్రిక చేతితో ఒక్కొక్కసారి పడినది. కావున రెండు పద్మటంకములు కవలలవలె నుండుట అసంభవము. గుర్తులు అదే చోట, అదే వంపులో, అంచున చీలిక కూడ అదే పొడవున నున్న రెండు టంకములు ఎదుట పెట్టిన, ఒకటియైనను పోతది, బహుశః రెండును. ఇంతకంటె తేలికయైన పరీక్ష లేదు. దీనికి కావలసినది రెండవ నాణెము మాత్రమే. అందుచేతనే అమ్మువాడు ఎప్పుడును ఒక్కటే చూపును.

తూకము మరియొక సాక్షి. వెండి తునకలపై గుర్తులు కొట్టిన అతి ప్రాచీన నాణెములకు ముప్పదిరెండు గురిగింజల ఎత్తు ప్రమాణము. నేటి కొలతలో సుమారు మూడున్నర గ్రాములు. విజయనగరపు వరహాయు ఇంచుమించు 3.4 గ్రాములే. అరిగిన కొలది తగ్గును గాని పెరుగదు. నిరుడు చేసిన దొంగ నాణెము తూకమును సరిపెట్టుట సులభము. అప్పుడు మందము తప్పును. బంగారము నీటికి పందొమ్మిది రెట్లు బరువు, సీసము పదకొండు రెట్లు, వెండి పదిన్నర, రాగి తొమ్మిదికి లోపు. రాగిమీద బంగారపు పూత పూసి వరహా ఎత్తుకు తెచ్చినచో అది రెండు వరహాల మందమెత్తును. గీటురాయి పూతను చూచి మోసపోవును. నీళ్ల గిన్నెలో దారముతో వ్రేలాడదీసిన త్రాసు మోసపోదు. పూర్వులును ఈ మోసమెరుగనివారు కారు. రెండువేల యేండ్లనాటి వెండి నాణెములలోనే లోపల రాగియుండి పైన వెండి రేకు తొడిగినవి దొరకినవి. అవి ఆనాటి దొంగలు చేసినవి. నేడు వాని వయస్సుచేత అవియు గౌరవనీయములే.

తూర్పు చాళుక్యుల బంగారు నాణెముల విషయమున అక్షరమే సాక్షి. నన్నయభట్టారకునిచేత భారతమును తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుని నాణెములు వెడల్పైన పలుచని బిళ్లలు. నడుమ వరాహము, దానిపై ఛత్రము, ప్రక్కల చామరములు. చుట్టును రాజు పేరును, రాజ్యసంవత్సరమును, ఒక్కొక్క అక్షరము ఒక్కొక్క ముద్రికతో కొట్టబడినవి. వెనుకవైపు బోడి. ఇట్టి నాణెములు, ఆయన పెదతండ్రి శక్తివర్మవి కూడ, సముద్రమునకు ఆవల అరకాను తీరమందలి చెదూబా ద్వీపమున దొరకినవి. ఆ కాలపు అక్షరము నేటి అచ్చు తెలుగు కాదు. తెలుగు కన్నడములు విడిపోకముందటి వంపులు గలది. దొంగపనివాడు బొమ్మను చక్కగా దించును, అక్షరమును తన బడిలో నేర్చిన తీరున దిద్దును. శాసనములు చదివినవానికి ఆ తప్పు దూరమునుండి కనుపించును. ఎలియట్ శాసనములతో ఆరంభించి నాణెములకు వచ్చుట ఆయన అదృష్టము. నాణెములతో మొదలిడి అక్కడనే నిలిచిన సేకర్తలు పెక్కురు మోసపోయిరి.

ఐరోపాలో ఈ మోసము పెద్ద కళగా పెరిగినది. ఎలియట్ యువకుడుగా నున్న రోజులలో, 1830లో మరణించిన బెకర్ అను జర్మను పనివాడు గ్రీకు రోము నాణెములకు స్వయముగా ఉక్కు అచ్చులు చెక్కెను. అతడు పోతపోయలేదు, పాతవారి పద్ధతిలోనే దెబ్బకొట్టెను. క్రొత్త మెరుపు పోవుటకు నాణెములను ఇనుప రజనుతో పెట్టెలో వేసి, గుఱ్ఱపుబండి ఇరుసునకు కట్టి, బాటవెంట త్రిప్పి తెచ్చెడివాడట. ముసలి పెద్దలను షికారు తీసికొనిపోవుచున్నానని నవ్వెడివాడట. గొప్ప మ్యూజియములే అతని నాణెములను కొన్నవి. ఈనాడు అతని అచ్చులు బెర్లిను మ్యూజియములో భద్రముగా నున్నవి.

మన దేశమున నాణెమునకంటె నాణెముతో వచ్చు కథ ఎక్కువగా మోసము చేయును. రామటంకములు ఇందుకు నిదర్శనము. ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకము, మరియొకవైపు ఆంజనేయుడు గల పెద్ద బంగారు టంకములు అవి. సాక్షాత్తు శ్రీరాముడు పట్టాభిషేకమునాడు కొట్టించినవని నమ్మి పూజామందిరములలో నుంచెడివారు. ఎలియట్ వానిని తన గ్రంథమున చేర్చి చర్చించెను. అవి కొన్ని శతాబ్దములకు మించనివి, పూజకొరకు చేసినవి. కొట్టించినవాని ఉద్దేశము మోసము కాదు. ఇంటిలోని టంకమును పూజించువారికి ఎవరును అడ్డుచెప్పనక్కరలేదు. త్రేతాయుగపుదని వెల హెచ్చించి సంతలో అమ్మువాడు మాత్రము కూటసాక్షియే.

అనుకరణ వేరు, మోసము వేరు. రోము నాణెములను చూచి మన పనివారు వానివంటివి చేసిరి. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన వెండి రాశిలో అట్టివి కొన్ని కలవు. విజయనగర సామ్రాజ్యము పోయిన పిమ్మట నాయకులు, నవాబులు, డచ్చివారు, ఇంగ్లీషువారు అందరును విజయనగరపు వరహా తీరుననే వరహాలు కొట్టించిరి. జనము ఆ బొమ్మనే నమ్మెడివారు. కొన్నింటిలో బంగారము తగ్గెను. ఫరంగిపేట వరహాకు నోటగాండ్రు వట్టము పట్టుట అందుకే. ఇవన్నియు దొంగ నాణెములని పారవేసిన చరిత్రయే పోవును.

ఎలియట్ పొరబడనివాడు కాడు. కోరమండల తీరమున దొరకిన సీసపు నాణెములలో రెండు తెరచాప స్తంభముల ఓడ గలవి యున్నవి. వానిని ఆయన కురుంబులకో పల్లవులకో చెందినవని తలచెను. పిమ్మట వచ్చిన పండితులు శాతవాహన పులుమావి పేరును వానిపై చదివిరి. నాణెము నిజమని చెప్పుట యొకటి, ఎవరిదని చెప్పుట మరియొకటి. మొదటిదానిలో ఆయన చేయి తప్పలేదు. రెండవదానికి కావలసిన నాణెములు ఇంకను మట్టిలోనే యుండెను.

ఆయనకు ఒక్క విద్యతో తృప్తి లేదు. పక్షులు, జంతువులు, వృక్షములు అన్నియు కావలెను. ఉత్తర సర్కారులలోని చెట్లకు మన జనము పెట్టిన తెలుగు పేర్లను శాస్త్రనామములతో జతపరచి 1859లో ఫ్లోరా ఆంధ్రికా అను గ్రంథమును ప్రకటించెను. 1860లో స్వదేశమునకు పోయి వుల్ఫ్‌లీలో స్థిరపడెను. 1866లో సర్ బిరుదము, 1878లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. నాణెములలో కొన్ని బ్రిటిష్ మ్యూజియమునకు చేరెను.

చివరి యేండ్లలో చూపు తగ్గి, ఇంచుమించు పూర్తిగా పోయెను. అరువది యేండ్ల సేకరణ ఫలమైన దక్షిణ భారత నాణెముల గ్రంథమును ఆయన ఆ స్థితిలోనే ముగించెను. అది 1886లో వెలువడినప్పుడు ఆయన వయస్సు 83. తాను వ్రాసినది తాను చదువలేని ఆ పండితునకు మిగిలినవి జ్ఞాపకము, వ్రేళ్లు, చదివిపెట్టువారి కన్నులు. పద్మటంకపు గిన్నె వంపు, చాళుక్య నాణెపు పలుచదనము, సీసపు కాసు బరువు, పోత నాణెపు అంచుగీత, ఇవన్నియు వ్రేళ్లకు తెలియునవే. బుద్ధఘోషుని పరీక్షకుడు చేసినపనిలో చూపునకు వంతు ఒక్కటే.

నేలలో దొరికిన నిక్షేపము పదిరూపాయల వెలకు మించినచో కలెక్టరుకు తెలుపవలెనను చట్టము 1878లో, ఎలియట్ బ్రతికియుండగనే, వచ్చినది. నెల్లూరి రైతునకు అట్టి చట్టము లేదు, చెప్పువాడును లేడు.

1887వ సంవత్సరము మార్చి 1వ తేదీ ఉదయమున ఎలియట్, తిరుక్కురళును ఇంగ్లీషులోనికి తెచ్చిన పోపు పండితునకు ఒక ఉత్తరము చెప్పి వ్రాయించి, తన చేతితో సంతకము చేసెను. ఆ సాయంకాలము వుల్ఫ్‌లీలో కన్నుమూసెను.